రేపు పొద్దున పిల్లను పంపాలా వద్దా, ముందు అది చెప్పండి

ప్రశ్న: నేను ఒక ప్రైమరీ స్కూల్లో హెడ్ టీచర్‌ని. కోవిడ్ రోజుల్లో మా స్కూలు మళ్ళీ తెరిచిన కొత్తలో రెండో తరగతి పిల్లాడికి పాజిటివ్ వచ్చింది. "పూర్తిగా తేలేదాకా ఎవరికీ చెప్పొద్దు, అనవసరంగా కంగారు పడతారు" అంది యాజమాన్యం. రెండు రోజులు ఆగాం. ఈలోపు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పిల్లాడి పేరుతో సహా అంతా వచ్చేసింది. ఒకడు కాస్తా ఐదుగురయ్యారు, టీచర్‌కి కూడా వచ్చిందన్నారు. ఆ కుటుంబం మమ్మల్ని ఇప్పటికీ క్షమించలేదు, మిగతావాళ్ళు ఆ తర్వాత మేం ఏం చెప్పినా నమ్మలేదు. అలాంటిది మళ్ళీ వస్తే ఇళ్ళకు సమాచారం ఎలా పంపాలో ఒక ప్లాన్ రాయమని ఇప్పుడు నన్నే అడిగారు. మా కుర్ర టీచర్లు తెలిసింది తెలిసినట్టు వెంటనే చెప్పేద్దామంటారు. యాజమాన్యం మాట ఇప్పటికీ పాతదే. నాకు మాత్రం టెన్షన్. ఎంత చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎలా చెప్పాలి?

సమాధానం: మేడమ్, మీ స్కూల్లో అందరూ "ఎంత చెప్పాలి" అన్న దగ్గరే కొట్టుకుంటున్నారు. యాజమాన్యం తక్కువ చాలంటోంది, కుర్ర టీచర్లు మొత్తం చెప్పేద్దామంటున్నారు, మధ్యలో మీరు నలిగిపోతున్నారు. ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్న తల్లికి ఈ గొడవతో పని లేదు. రేపు పొద్దున పిల్లను పంపాలా వద్దా, పంపితే ఎలా పంపాలి, వద్దంటే ఎన్నాళ్ళు ఇంట్లో ఉంచాలి, అన్నాళ్ళూ పని మానుకుని ఇంట్లో ఎవరుండాలి, ఆవిడ బుర్రలో తిరిగేది ఇదే. మీ ప్లాన్‌లో మిగతాది ఎలా రాసినా సరే, ఇంటికి వెళ్ళే ప్రతి మెసేజ్‌లో మొదటి రెండు మూడు వాక్యాల్లోనే దీనికి జవాబు ఉండాలని రాసుకోండి. సంఖ్యలు, జాగ్రత్తలు, యాజమాన్యం వారి విచారం అన్నీ ఆ తర్వాతే.

రెండు రోజులు ఆగాక మీరు ఏం పంపారో ఉత్తరంలో రాయలేదు, కానీ ఊహించడం కష్టం కాదు. అప్పట్లో చాలా స్కూళ్ళ మెసేజ్‌లు ఒకే మూసలో ఉండేవి: "తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, ప్రస్తుతం నెలకొన్న పరిస్థితుల దృష్ట్యా పాఠశాల యందు అన్ని ముందు జాగ్రత్త చర్యలు చేపట్టబడినవి. కావున ఎవరూ ఆందోళన చెందవలదని మనవి." ఏం పరిస్థితులో, ఏం చర్యలో, అసలు ఏం జరిగిందో ఒక్క ముక్క లేదు, ఆందోళన వద్దని మాత్రం ఉంది. అది చదివాకే అసలు ఆందోళన మొదలవుతుంది.

దానికి బదులు ఇలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి: "మంగళవారం సాయంత్రం 6 గంటలు. రెండో తరగతి పిల్లలను రేపు స్కూలుకి పంపకండి. మిగతా తరగతులు మామూలుగానే జరుగుతాయి. రెండో తరగతిలో ఒకరికి కోవిడ్ పాజిటివ్ అని ఈ మధ్యాహ్నం తెలిసింది. రెండో తరగతి మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందో మాకు ఇంకా తెలియదు, ఆరోగ్య శాఖ వాళ్ళను అడిగాం. వాళ్ళు చెప్పినా చెప్పకపోయినా రేపు సాయంత్రం 6 గంటలకు మళ్ళీ రాస్తాం. ఈలోపు మీ పిల్లలకు జ్వరం గానీ దగ్గు గానీ వస్తే ఈ నంబరుకి ఫోన్ చేయండి."

ఇది చూసి యాజమాన్యం "ఇంకా తెలియదు" అన్న చోట ఉలిక్కిపడుతుంది, మనకే తెలియదని రాసుకుంటే పరువేం కావాలని. పడనివ్వండి. తెలియదు, రేపు ఆరింటికి చెప్తాం అంటే ఆ తల్లి రేపు ఆరింటిదాకా ఆగుతుంది, కనీసం ఆగడానికి ప్రయత్నిస్తుంది. ఏమీ చెప్పకపోతే పక్కింటావిడను అడుగుతుంది, పక్కింటావిడకి అన్నీ తెలుసు.

ఇక్కడ ఆ ఆరు గంటలే కీలకం. ప్లాన్‌లో టైము ఒకటి పెట్టుకుని దానికి కట్టుబడండి. కొత్తగా ఏమీ లేని రోజున కూడా "ఈరోజు కొత్త విషయం ఏమీ లేదు, రేపు స్కూలు మామూలుగానే ఉంటుంది" అని ఒక లైను పంపండి. దీన్ని చాలామంది దండగ అనుకుంటారు, నేను అనుకోను. కబురు ఎప్పుడొస్తుందో తెలిసిన మనిషి రోజంతా ఫోను చూసుకుంటూ కూర్చోడు. రాత్రి పదకొండింటికి పంపే మెసేజ్ మాత్రం ఎంత మంచిదైనా పొద్దున్నదాకా ఆపండి, ఆ టైములో ఏం చదివినా భయంగానే ఉంటుంది. తరగతిలో పిల్లకి ఒళ్ళు కాలిపోతుంటే అది వేరే సంగతి, దానికి మెసేజ్ కూడా కాదు, వెంటనే ఫోను చేయాలి.

ఇక ఆ రెండు రోజుల సంగతి. తేలకముందే ఊరంతా చాటొద్దన్న యాజమాన్యం మాటలో కొంత నిజం ఉంది, పరీక్ష ఫలితం రాకముందే ఫలానా రోగం అని రాయకూడదు. కానీ పాజిటివ్ అని వచ్చాక తేలాల్సింది ఇంకేముంది? కోవిడ్ మొదట్లో వచ్చిన రకాల్లో, సోకిన తర్వాత లక్షణాలు బయటపడటానికి 2 నుంచి 14 రోజులు, ఎక్కువమందికి 5 రోజుల ప్రాంతంలో పట్టేది. ఒమిక్రాన్ వచ్చేసరికి అది 3 రోజుల దాకా తగ్గింది. పైగా లక్షణాలు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే పక్కవాళ్ళకు అంటించగలరు. అంటే మీరు ఆగిన ఆ రెండు రోజులూ ఆ తరగతి పిల్లలు వాళ్ళ తాతయ్యల పక్కన, అమ్మమ్మల పక్కన పడుకున్నారు. తల్లిదండ్రుల కోపం అక్కడి నుంచి వచ్చింది. "ముందే చెప్పి ఉంటే మా నాన్నను వేరే గదిలో ఉంచేవాళ్ళం కదా" అని ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబు లేదు. యాజమాన్యంతో మాట్లాడేటప్పుడు పారదర్శకత లాంటి పెద్ద మాటలు వాడకండి, ఈ రోజుల లెక్క చెప్పండి. వాళ్ళకూ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఉంటారు.

పిల్లాడి పేరు విషయంలో కుర్ర టీచర్లతో నేను ఒప్పుకోను. అన్నీ చెప్పేద్దామనేది వినడానికి బాగుంటుంది గానీ, పేరు చెప్పకూడదు, చెప్పకపోయినా తెలిసిపోయేలా కూడా రాయకూడదు. "రెండో తరగతిలో ఇటీవల కొత్తగా చేరిన విద్యార్థి" అంటే పేరు చెప్పినట్టే. "ఒక విద్యార్థి తండ్రి ప్రయాణం నుంచి తిరిగివచ్చిన కారణంగా" అన్నా అంతే. తరగతి చెప్పండి, ఆ పిల్లలు ఆఖరిసారి కలిసి ఉన్న రోజు చెప్పండి, అక్కడితో ఆపండి. ఎవరైనా ఫోన్ చేసి "ఫలానా వాళ్ళబ్బాయేగా, నాకు తెలుసులెండి" అంటే అవునని గానీ కాదని గానీ అనొద్దని ఆఫీసులో ఉన్నవాళ్ళందరికీ చెప్పి ఉంచండి, ఎందుకంటే ఈరోజు ఒక పేరుకి కాదని చెప్తే, రేపు ఇంకో పేరుకి చెప్పనంటే, ఆ చెప్పకపోవడమే అవుననే జవాబు అవుతుంది. "ఏ పిల్ల గురించీ మేం ఎవరికీ చెప్పం, రేపు మీ పిల్ల గురించి ఎవరైనా అడిగినా ఇదే అంటాం" అనాలి. ఈ మాట విన్నాక చాలామంది మెత్తబడతారు.

అయినా ఎవరి సీటు ఖాళీగా ఉందో పిల్లలకు తెలుసు కాబట్టి పేరు ఎలాగూ బయటికి వస్తుంది, ఆ సంగతి మీకూ తెలుసు. అందుకే అందరికీ మెసేజ్ వెళ్ళే ముందు ఆ ఇంటికి మీరే ఫోన్ చేయాలి, క్లర్కు కాదు, క్లాస్ టీచర్ కూడా కాదు. ముందు పిల్లాడు ఎలా ఉన్నాడో అడగండి. తర్వాత, ఆరింటికి వెళ్ళబోయే మెసేజ్ అక్షరం పొల్లుపోకుండా చదివి వినిపించండి. పేరు మా నుంచి బయటికి రాదు, ఎవరైనా మిమ్మల్ని ఇబ్బంది పెడితే నాకు చెప్పండి అనండి. వాళ్ళు వద్దంటే మెసేజ్ ఆపేస్తామని కాదు గానీ, తమ గురించి ఊరికి వెళ్తున్న కబురు తాము ముందు వినడం వాళ్ళ హక్కు. మీ మీద ఆ కుటుంబం కోపం, నాకర్థమైనంతవరకు, పేరు బయటపడ్డందుకు సగమే, ఆ రెండు రోజుల్లో వాళ్ళను ఎవరూ పలకరించనందుకు మిగతా సగం. ఇప్పటికైనా వాళ్ళింటికి వెళ్ళి మాట్లాడితే తప్పేం లేదు, ప్లాన్ రాసే ముందే వెళ్ళండి. వాళ్ళకేం కావాలనిపించిందో మీ స్టాఫ్ మీటింగ్ కంటే వాళ్ళే బాగా చెప్తారు.

వాట్సాప్ గ్రూపుల్ని మీరు ఆపలేరు, ఆ ప్రయత్నం కూడా చేయకండి. తల్లులు తమలో తాము మాట్లాడుకుంటారు, అది వాళ్ళిష్టం. మీ వైపు నుంచి మాత్రం స్కూలు వాళ్ళు తప్ప ఇంకెవరూ పోస్టు చేయలేని గ్రూపు ఒకటి వేరుగా పెట్టండి, అందులో శుభోదయాలు, పుట్టినరోజు శుభాకాంక్షలు ఏవీ రాకూడదు. ప్రశ్నలకు ఒక ఫోన్ నంబరు, ఒక టైము. పుకారు వచ్చిందని తెలిస్తే దాన్ని ఫార్వర్డ్ చేసి కింద "ఇది అబద్ధం" అని పెట్టకండి, సగంమంది పై భాగమే చదువుతారు. నిజం ఏమిటో అదొక్కటే రాయండి: "రెండో తరగతిలో ఇప్పటివరకు ఒక్కరికే పాజిటివ్. టీచర్లు ఎవరికీ రాలేదు."

ఇప్పుడు అసలు పని, అందరూ వదిలేసేది. మీ మెసేజ్ ఎవరికి చేరట్లేదు? స్కూలు రిజిస్టర్‌లో ఉన్న నంబర్లు అడ్మిషన్ రోజువి. కొన్ని మారిపోయాయి, కొన్ని ఎప్పుడో ఊరు మారిన బాబాయివి. కొన్ని ఇళ్ళల్లో ఉన్నది ఒకటే ఫోను, అది పొద్దున్నే తండ్రి జేబులో పనికి వెళ్ళి రాత్రి తొమ్మిదికి తిరిగివస్తుంది, అప్పటిదాకా తల్లికి కబురు అందదు. కొన్నిళ్ళల్లో పిల్లను చూసుకునేది నానమ్మ, ఆవిడకు చదువు రాదు. ఇంకొన్నిళ్ళల్లో మాట్లాడే భాషే వేరు. సూటిగా చెప్పాలంటే, మెసేజ్ పంపిన వెంటనే జవాబిచ్చేవాళ్ళ గురించి మీరు బెంగపడక్కర్లేదు, వాళ్ళు ఎలాగైనా తెలుసుకుంటారు. కాబట్టి అదే కబురు నిమిషం లోపు వాయిస్ మెసేజ్‌గా కూడా పంపండి, పిల్లలు గుర్తుపట్టే గొంతుతో, అంటే క్లాస్ టీచర్ గొంతుతో. చదువు రాని నానమ్మ ఆ గొంతు వింటుంది, వినకపోయినా ఏడేళ్ళ మనవరాలు "మా టీచరే" అని లాక్కుని వినిపిస్తుంది. మామూలు రోజుల్లోనే ప్రతి టర్ములో ఒకసారి ఒక చిన్న మెసేజ్ పంపి, అందిందని జవాబు రానివాళ్ళ పేర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం మీద ఉన్న ఇళ్ళకు రేపు ఏదైనా జరిగితే ఎవరు ఫోన్ చేయాలి, ఫోన్ కలవకపోతే ఎవరు నడిచి వెళ్ళాలి, పేరు పక్కన పేరు రాయండి.

నడిచి వెళ్ళడం పాతకాలం పద్ధతే, కాదనను. 1918 ఫ్లూ రోజుల్లో చాలా నగరాలు స్కూళ్ళు మూసేస్తే న్యూయార్క్ తెరిచే ఉంచింది, రోజూ పిల్లల్ని పరీక్షించి, బాగాలేని పిల్లల ఇళ్ళకు నర్సుల్ని పంపింది. 1937లో పోలియో భయంతో షికాగోలో బడులు తెరవడం కొన్ని వారాలు ఆలస్యమైనప్పుడు రేడియోలో పాఠాలు చెప్పారు, ఏ పాఠం ఎప్పుడు వస్తుందో వార్తాపత్రికల్లో వేశారు, దాంతోపాటు తల్లిదండ్రులు ఫోన్ చేసి అడగడానికి టీచర్లను కూర్చోబెట్టారు. రేడియో లేని ఇళ్ళు, సరిగా వినిపించని ఇళ్ళు అప్పుడూ ఉన్నాయి. 2020లో 190కి పైగా దేశాల్లో స్కూళ్ళు మూతపడి సుమారు 160 కోట్లమంది చదువు ఆగినప్పుడు కూడా అదే చూశాం, ఫోను ఉన్న పిల్లకి క్లాసు, లేని పిల్లకి సెలవు.

నిబంధనలు మారినప్పుడు ఏం చేయాలో కూడా ప్లాన్‌లో ఉండాలి, ఎందుకంటే అవి మారతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు మాస్కు పెట్టుకోవాలనడానికి ఆధారం లేదని 2020 ఏప్రిల్‌లో అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థే, జూన్‌కల్లా వ్యాధి బాగా వ్యాపిస్తున్న చోట్ల జనం గుడ్డ మాస్కులు వాడాలంది, ఆగస్టులో యునిసెఫ్‌తో కలిసి 5 ఏళ్ళు, అంతకంటే చిన్న పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయొద్దని చెప్పింది. మొదట్లో బెంచీలు, తలుపు గడియలు తుడవడం మీదే అందరం పడ్డాం, తర్వాత గాలి సంగతి అర్థమై కిటికీలు తెరవడం మొదలుపెట్టాం. క్వారంటైన్ 14 రోజులన్నది చాలా దేశాల్లో తగ్గుతూ వచ్చింది. ప్రతిసారీ స్కూలు మాట మార్చిందనే తల్లిదండ్రులకు అనిపించింది. అందుకే మెసేజ్ పైన తేదీ, టైము వేయాలి, మారిన రోజున పాతది చెరిపేయకుండా "నిన్నటిదాకా 14 రోజులు అన్నాం, ఈరోజు నుంచి 7 రోజులు, ఆరోగ్య శాఖ ఈ పొద్దున మార్చింది" అని రాయాలి. పాత మెసేజ్ చప్పుడు కాకుండా డిలీట్ చేస్తే దాని స్క్రీన్‌షాట్ ఎవరో ఒకరి దగ్గర ఉంటుంది, ఉండి తీరుతుంది.

పిల్లల సంగతికి వస్తే, ఇళ్ళకు వెళ్ళే కబురులో సగం వాళ్ళ నోటి మీదుగానే వెళ్తుంది. మీ మెసేజ్ ఆరింటికి వెళ్తే, పిల్ల నాలుగింటికే ఇంటికి చేరి తనకు అర్థమైనంత చెప్పేస్తుంది. అందుకని బడి వదిలే ముందు పది నిమిషాలు తీసుకుని, ఇంటికి ఏం రాయబోతున్నారో అదే వాళ్ళ మాటల్లో చెప్పండి. ఆరేడేళ్ళ పిల్లలకు రోగం కంటే తప్పు తొందరగా అర్థమవుతుంది. నేను చేతులు కడుక్కోలేదు కాబట్టే తాతయ్యకి వచ్చిందని ఒక పిల్ల మనసులో పెట్టుకుని ఎవరికీ చెప్పదు, అన్నం మాత్రం మానేస్తుంది. "ఇది ఎవరి తప్పూ కాదు, ఎవరికైనా వస్తుంది" అని నేరుగా చెప్పాలి, ఒకసారి కాదు, చాలాసార్లు. కోలుకుని తిరిగొచ్చిన పిల్లాడి పక్కన ఎవరూ కూర్చోకపోతే ఆరోజు పాఠం పక్కన పెట్టినా ఫర్వాలేదు. ఎవరింట్లోనైనా మనిషి పోతే, ఇంటివాళ్ళు తరగతిలో ఏం చెప్పమంటారో ముందు అడిగి, చనిపోయారు అనే చెప్పండి. నిద్రపోయారు, ఊరెళ్ళారు అంటే చిన్న పిల్లలు దాన్ని ఉన్నదున్నట్టు నమ్ముతారు, కొందరు రాత్రి కళ్ళు మూసుకోవడానికే భయపడతారు.

ఇంకోటి, లోపల ఏం జరుగుతోందో తల్లిదండ్రులకు కనపడనివ్వండి. 2020 ఏప్రిల్ మధ్యలో డెన్మార్క్ చిన్న తరగతులను ముందుగా తెరిచినప్పుడు, మా పిల్లల మీద ప్రయోగాలా అంటూ అక్కడి తల్లిదండ్రులు ఫేస్‌బుక్‌లో వేల సంఖ్యలో గుంపు కట్టారు. బాగా నడిచే స్కూళ్ళున్న చోట కూడా గేటు బయట నిలబడినవాళ్ళకు భయమే వేస్తుంది. మన జాగ్రత్తల జాబితా పంపితే ఎవరూ చదవరు. "తరగతి కిటికీలు రోజంతా తెరిచే ఉంటాయి, చలిగా ఉంటే స్వెటర్ వేసి పంపండి. ఎవరి పెన్సిల్ వాళ్ళకే, రెండోది బ్యాగులో పెట్టండి. మంచినీళ్ళ సీసా మీద పేరు రాయండి" అంటే లోపల రోజు ఎలా గడుస్తుందో కనిపిస్తుంది, వాళ్ళు చేయాల్సిన పని కూడా చేతికి దొరుకుతుంది.

మీ టీచర్ల సొంత నంబర్లు మాత్రం ఇవ్వొద్దు. పగలు తరగతి, రాత్రి తల్లిదండ్రుల ఫోన్లు అంటే నెల తిరిగేసరికి వాళ్ళు విసుక్కోవడం మొదలుపెడతారు, ఆ విసుగు మళ్ళీ గ్రూపులో స్క్రీన్‌షాట్ అవుతుంది.

ప్లాన్ ఎంత పెద్దగా ఉండాలని మీరు అడగలేదు గానీ, యాజమాన్యం బైండింగ్ చేయించిన పుస్తకం ఆశిస్తుంటే నిరాశపరచండి. నాలుగు కాగితాలు చాలు. ఒకదాని మీద, ఖాళీలు నింపితే చాలేలా, ముందే రాసి పెట్టుకున్న మెసేజ్‌లు: ఒక తరగతి మూసినప్పటిది, స్కూలు మొత్తం మూసినప్పటిది, తిరిగి తెరిచినప్పటిది. ఇంకోదాని మీద జవాబు రాని ఇళ్ళ పేర్లు. మూడోదాని మీద ఆరోగ్య శాఖలో ఎవరికి ఫోన్ చేయాలో. నాలుగోదాని మీద మెసేజ్ పంపే అధికారం ఎవరిదో రాయండి, అది మీరే అయితే, సాయంత్రం ఆరింటికల్లా యాజమాన్యం సంతకం రాకపోయినా పంపే హక్కు మీకుందని వాళ్ళ చేత ఇప్పుడే, ఏ గొడవా లేని ఈ రోజుల్లోనే సంతకం పెట్టించుకోండి. దాని కింద రెండో పేరు ఒకటి ఉండాలి, ఎందుకంటే అలాంటి రోజుల్లో మొదట జ్వరం వచ్చేది మీకే కావచ్చు, స్కూలు ఫోను పాస్‌వర్డ్ ఇంకెవరికి తెలుసు?